విశ్వాసం నుంచి కొట్టుకుపోవడం, రక్షణను నిర్లక్ష్యం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విన్న సంగతులను విడిచి కొట్టుకొనిపోకుండా వాటిమీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని, ఇంత గొప్ప రక్షణను నిర్లక్ష్యం చేస్తే తప్పించుకోలేమని హెబ్రీయులకు రాసిన పత్రిక 2:1–4 హెచ్చరిస్తుంది. ఆ వచనాల మీద బైబిల్ స్టడీ పెడితే దాదాపు ఎప్పుడూ ఇవే ప్రశ్నలు వస్తాయి. కొన్నిటిని అందరి ముందూ అడుగుతారు. కొన్నిటిని కూడిక ముగిశాక పక్కకు పిలిచి అడుగుతారు. ఆ రెండో రకానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం. బైబిల్ పక్కన పెట్టుకుని, వచనాలు తీసి చూసుకుంటూ చదివితే మంచిది.

"కొట్టుకొనిపోవడం" అంటే యేసు ప్రభువును వదిలేయడమేనా?

చివరికి అక్కడికే తీసుకెళ్లొచ్చు. మొదలు మాత్రం అలా ఉండదు. వదిలేసేవాడు ఏదో ఒక రోజు తేల్చేసుకుంటాడు: ఇక నమ్మను, ఇక రాను. కొట్టుకుపోయేవాడు ఏదీ తేల్చుకోడు. ఆదివారం ఆరాధనకు వస్తూనే ఉంటాడు, పాటలు పాడుతూనే ఉంటాడు. ఎవరైనా అడిగితే "విశ్వాసినే" అంటాడు, అలా అనేటప్పుడు అబద్ధం చెబుతున్నానన్న అనుమానం కూడా అతనికి రాదు. కట్టు వదులైన పడవను ఎవరూ తోయక్కర్లేదు కదా. పత్రిక రాసినాయన మనసులో ఉన్న బొమ్మ అదే. అందుకే 6:19లో నిరీక్షణను ఆత్మకు లంగరు అన్నాడు.

అబ్రాహాము సహోదరుని కుమారుడు లోతు సంగతి చూడండి. ఆదికాండము 13:12లో అతడు దుష్టత్వానికి పేరుపడ్డ సొదొమ దగ్గర గుడారం వేసుకున్నాడు. 14:12కి వచ్చేసరికి సొదొమలోనే కాపురం. 19:1లో సొదొమ గవిని దగ్గర, అంటే ఊరి వ్యవహారాలు నడిచే చోట, కూర్చుని ఉన్నాడు. అబ్రాహాము దేవుడు నాకు వద్దని అతడు ఎక్కడా అనలేదు. పైగా ఆ ఊరివాళ్ల పనులు చూసి అతని మనసు రోజూ నలిగిపోయేదని 2 పేతురు 2:7–8 చెబుతోంది. మనసు నలుగుతూనే ఉంది, గుడారం జరుగుతూనే ఉంది. చాలామంది విశ్వాసుల పరిస్థితి సరిగ్గా ఇదే: బాధపడుతున్నాం కాబట్టి బాగానే ఉన్నాం అనుకుంటారు.

ఈ హెచ్చరిక రక్షణ పొందనివాళ్లకు కదా?

"ఇంత గొప్ప రక్షణను మనము నిర్లక్ష్యము చేసినయెడల" అని ఉంది. రాసినాయన తనను కూడా కలుపుకున్నాడు. ఆయన పేరు పత్రికలో లేదు. రాసిందెవరో దేవునికే తెలుసని మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిగెను అన్నాడు. అందుకున్నవాళ్ల గురించి మాత్రం పత్రికే కొంత చెబుతుంది. నమ్మిన తొలిరోజుల్లో వాళ్లు నలుగురిలో అవమానాలు పడ్డారు, చెరసాలలో ఉన్నవాళ్లకు తోడు నిలిచారు, ఆస్తి దోచుకుపోతుంటే సంతోషంగా ఒప్పుకున్నారు (10:32–34). అంతటి సాక్ష్యం ఉన్నవాళ్లు వినడంలో మొద్దుబారిపోయారు. ఈపాటికి ఇతరులకు బోధించాల్సినవాళ్లకు మళ్లీ మొదటి పాఠాలు చెప్పాల్సి వచ్చింది (5:11–12).

"నేను ఫలానా సంవత్సరంలో, ఫలానా కూడికలో రక్షణ పొందాను" అని చెప్పగలగడం మంచి సంగతే. పత్రిక అడుగుతున్నది మాత్రం ఈనాటి సంగతి. వింటూ వింటూ ఇంకా ఎటూ తేల్చుకోనివాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది. అయితే ముందు వరసలో కూర్చున్నవాళ్లు దాన్ని వెనక వరసకు తోసేయకూడదు.

నేను దేవుణ్ని తిట్టలేదు, పెద్ద పాపాలేమీ చేయలేదు. నిర్లక్ష్యం అంత పెద్ద తప్పా?

డాక్టరు రాసిచ్చిన చీటీని చింపి పారేయక్కర్లేదు. జేబులో భద్రంగా పెట్టుకుని మందు కొనకపోయినా జరిగేది ఒకటే.

మత్తయి 22లో రాజు తన కుమారుడి పెండ్లివిందుకు పిలుస్తాడు. పిలిచినవాళ్లలో కొందరు రాజు దాసులను పట్టుకుని చంపారు. మిగతావాళ్లు అంత దుర్మార్గులు కారు. ఒకడు తన పొలానికి, ఇంకొకడు తన వర్తకానికి వెళ్లాడు, అంతే. పొలం పాపం కాదు, వర్తకం పాపం కాదు. కానీ విందులో ఇద్దరి చోటూ ఖాళీగానే ఉంది. ప్రభువు ఆ రెండు రకాలవాళ్లనూ ఒకే ఉపమానంలో పక్కపక్కన నిలబెట్టాడంటే ఆలోచించాల్సిందే.

హెబ్రీ 2:2–3లో ఉన్న తర్కం కూడా గట్టిది. దేవదూతల ద్వారా వచ్చిన వాక్యాన్ని, అంటే ధర్మశాస్త్రాన్ని, మీరినవాళ్లకే న్యాయమైన ప్రతిఫలం తప్పలేదు. ఇప్పుడు మాట్లాడింది దూతలు కారు, కుమారుడు. మొదటి అధ్యాయంలో పాతనిబంధన నుంచి ఏడు లేఖనాలు వరసగా ఎత్తి చూపించింది ఈ కుమారుడు దూతలకన్నా ఎంత గొప్పవాడో చెప్పడానికే. చాలా ప్రసంగాల్లో 2:1తోనే మొదలుపెట్టి భయపెడతారు. మొదటి అధ్యాయం చదవకుండా ఈ హెచ్చరిక చదివితే బెదిరింపులా వినిపిస్తుంది. చదివి వస్తే, ఇంతటివాణ్ని ఎలా పట్టించుకోకుండా ఉన్నాం అనిపిస్తుంది. "ఏలాగు తప్పించుకొందుము?" అనే ప్రశ్నకు అక్కడ జవాబు రాయలేదు. తప్పించుకునే దారి ఉంటే కదా రాయడానికి!

బాధ్యతలు తీరాక, కాస్త వయసు వచ్చాక శ్రద్ధ పెట్టొచ్చు కదా?

పౌలును బందీగా ఉంచిన రోమా అధిపతి ఫేలిక్సు అతనితో ఇంచుమించు ఇదే అన్నాడు. నీతి, ఆశానిగ్రహం, రాబోయే విమర్శ (తీర్పు) గురించి పౌలు మాట్లాడుతుంటే భయపడ్డాడు, తీరిక దొరికినప్పుడు పిలిపిస్తానన్నాడు (అపొస్తలుల కార్యములు 24:25). ఆ తర్వాత పిలిపించాడు కూడా, ఒకసారి కాదు, మాటిమాటికీ. లంచం దొరుకుతుందేమోనని ఆశ. అలా రెండేళ్లు గడిచాయి, పౌలును బంధకాల్లోనే వదిలేసి పదవి నుంచి వెళ్లిపోయాడు. మొదటిసారి వణికినవాడు మళ్లీ వణికినట్టు ఎక్కడా రాయలేదు.

వయసు వస్తే భక్తి దానంతట అదే వస్తుందన్న నమ్మకానికి బైబిల్లో ఆధారం దొరకదు. సొలొమోను హృదయం తిరిగిపోయింది వృద్ధాప్యంలో (1 రాజులు 11:4). దేవుడు అతనికి రెండుసార్లు ప్రత్యక్షమయ్యాడని కూడా అదే అధ్యాయం గుర్తుచేస్తుంది.

కొట్టుకుపోతున్నానని నాకెలా తెలుస్తుంది?

ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, కొట్టుకుపోయేవాడికి ముందుగా తెలియకపోవచ్చు. యెహోవా తనను ఎడబాసిన సంగతి సమ్సోనుకు తెలియలేదు. ఎప్పటిలాగే లేచి విడిపించుకుంటానని అనుకున్నాడు (న్యాయాధిపతులు 16:20). తల నెరిసిన సంగతి ఎఫ్రాయిముకు, అంటే ఇశ్రాయేలు జనానికి, తెలియలేదని హోషేయ 7:9 అంటుంది. లవొదికయ సంఘం తనకేమీ కొదవ లేదనుకుంది.

సాధారణంగా మనం లెక్కలు చూసుకుంటాం: ఎన్ని ఆదివారాలు వచ్చాం, ఎన్ని అధ్యాయాలు చదివాం. ఈ లెక్కలు నిజం చెప్పవు. సంఘానికి రావడం చివరగా ఆగిపోతుంది, దానికి చాలా ముందే వేరేవి ఆగిపోయి ఉంటాయి.

వాక్యం వింటున్నప్పుడు మీకు ఎవరు గుర్తొస్తున్నారు? "ఈ ప్రసంగం మా ఆయన వినాల్సింది", "ఫలానా సహోదరికి సరిగ్గా సరిపోతుంది" అనే ఆలోచనలే వస్తుంటే, మీ మీద వాక్యం పని చేసి ఎన్నాళ్లయిందో చూసుకోవాలి. పాపాన్ని ఒప్పుకునేటప్పుడు పేరు పెట్టి ఒప్పుకుంటున్నారా, లేక "ప్రభువా, నా తప్పులన్నీ క్షమించు" అని ఒక్కముక్కలో ముగిస్తున్నారా? ఒకప్పుడు పాపం అన్నదాన్ని ఇప్పుడు బలహీనత అంటున్నారా, ఇంకొన్నాళ్లకు అది నా స్వభావం అనడానికి సిద్ధంగా ఉన్నారా? నలుగురిలో చేసే ప్రార్థన పొడుగ్గా, గదిలో ఒంటరిగా చేసేది పొట్టిగా ఉందా? సాక్ష్యం చెప్పమంటే ఎప్పుడూ ఒకే పాత సంగతి చెబుతున్నారా?

వీటన్నిటికన్నా నిక్కచ్చిగా పట్టించే ప్రశ్న ఇంకోటి ఉంది. మీకు ఇష్టం లేకపోయినా, నష్టమని తెలిసినా, ప్రభువు చెప్పాడు గనుక చేసిన పని ఈమధ్య ఏదైనా ఉందా? ఒక క్షమాపణ, ఒక అప్పు తిరిగి కట్టడం, ఒక లాభాన్ని వదులుకోవడం? గుర్తు రాకపోతే వెంటనే కంగారుపడక్కర్లేదు. గుర్తు రాకపోవడం మామూలే అనిపిస్తే మాత్రం కంగారుపడాలి.

నేను సేవలో ఉన్నాను. సండే స్కూలు, క్వైరు, ఉపవాస కూడికలు అన్నీ చూసుకుంటాను. నాకు ఈ ప్రమాదం ఉండదు కదా?

ఎఫెసు సంఘానికి ప్రభువు పంపిన ఉత్తరం (ప్రకటన 2:1–7) మీకోసమే అనుకుని చదవండి. ఆ సంఘం సామాన్యమైనది కాదు. పౌలు అక్కడ మూడేళ్లు కన్నీళ్లతో బుద్ధి చెప్పాడు (అపొస్తలుల కార్యములు 20:31). అక్కడివాళ్లు నమ్మిన రోజుల్లో యాభై వేల వెండి రూకల విలువైన మాంత్రిక పుస్తకాలను అందరి ముందూ తగలబెట్టారు. ప్రకటన గ్రంథం నాటికి కూడా ఆ సంఘం కష్టపడుతోంది, సహిస్తోంది, అబద్ధ అపొస్తలులను పరీక్షించి పట్టుకుంటోంది, అలసిపోలేదు. ఇన్ని మెచ్చుకోళ్ల తర్వాత ప్రభువు ఒకే ఒక్క తప్పు మోపాడు: మొదట ఉన్న ప్రేమను వదిలేశావు. దీపస్తంభాన్ని తీసేస్తానని హెచ్చరించడానికి ఆ ఒక్కటి చాలింది.

సేవలో ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. వాక్యం ఎప్పుడూ ఇతరులకు చెప్పడానికే తెరుస్తారు. పాఠం తయారవుతుంది, మనిషి తయారవడు. నన్నడిగితే, సేవ చేసేవాళ్లు ఎవరికీ చెప్పనక్కర్లేని చోట, ఏ ప్రసంగానికీ పనికిరాని విధంగా, తమకోసమే బైబిల్ చదువుకునే సమయం ఒకటి పెట్టుకోవాలి. నోట్స్ రాసుకోకుండా.

దేమా పేరు కూడా మరిచిపోకూడదు. ఫిలేమోను 24లో పౌలు అతణ్ని జతపనివారిలో లెక్కపెట్టాడు. కొలొస్సయులు 4:14లో లూకా పక్కన అతని పేరు ఉంది. 2 తిమోతి 4:10కి వచ్చేసరికి, ఇహలోకాన్ని స్నేహించి థెస్సలొనీకకు వెళ్లిపోయాడు. ఆ మధ్యలో ఏం జరిగిందో ఏ పత్రికా చెప్పదు.

పని, పిల్లలు, అప్పులు. నిజంగానే టైమ్ దొరకడం లేదు. ఇది కూడా నిర్లక్ష్యమేనా?

ప్రతిసారీ కాదు. పసిబిడ్డతో నిద్రలేని తల్లికి, రెండు షిఫ్టులు చేసేవాడికి ఒక గంట ధ్యానం కుదరకపోవడం వేరు. అలాంటివాళ్ల మీద భారాలు మోపకూడదు. నడుస్తూ చేసే రెండు నిమిషాల ప్రార్థన కూడా ప్రార్థనే. అయితే మార్కు 4:19లో వాక్యాన్ని అణచివేసేవాటి జాబితాలో ఐహిక విచారాలు ముందున్నాయి, ధనమోసం ఆ తర్వాతే. కష్టం కూడా సుఖంలాగే ఊపిరాడనివ్వదు. ఆ కాస్త తీరిక దొరికినప్పుడు మనసు ఎటు పోతోందో చూసుకుంటే మీకే తెలిసిపోతుంది.

నాకు సందేహాలు వస్తున్నాయి. అంటే నేను వెనుదిరుగుతున్నట్టేనా?

కాదు. సందేహం, కొట్టుకుపోవడం రెండూ ఒకటి కావు. చాలాసార్లు సందేహించేవాడు వాక్యాన్ని పట్టించుకుంటున్నాడు కాబట్టే ప్రశ్నిస్తాడు. కీర్తనకారుడు ఆసాపు తన పాదాలు జారడానికి కొంచెమే తప్పిందని దాచకుండా చెప్పాడు (కీర్తన 73:2), కానీ ఆ ప్రశ్నను దేవుని పరిశుద్ధ స్థలానికే తీసుకెళ్లాడు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కొడుకు స్వస్థత కోసం వేడుకున్న తండ్రిని ప్రభువు వెళ్లగొట్టలేదు. సందేహపడేవాళ్ల మీద కనికరం చూపమని యూదా 22 ఆజ్ఞ. దాన్ని పాటించని సంఘాల వల్ల ఎంతమంది యవ్వనస్థులు నోరు మూసుకుని, ఆ తర్వాత బయటికి నడిచారో! ప్రశ్న అడిగినవాణ్ని "నీకు విశ్వాసం లేదు" అని కూర్చోబెట్టడం జవాబు చెప్పినట్టు కాదు.

సందేహం ప్రమాదకరంగా మారేది జవాబు వెతకడం మానేసి, దాన్నొక సాకుగా దాచుకున్నప్పుడు.

ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదు. నెలల తరబడి ఎడారిలా ఉంది.

అనుభూతి లేకపోవడం ఒక్కటే గుర్తుగా తీసుకోకండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా అది దేవునితో మాట్లాడిన మాటే, కీర్తనల గ్రంథంలో దానికి చోటు దొరికింది. ఏమీ అనిపించకపోయినా మోకాళ్ల మీదికి వెళ్లేవాడు కొట్టుకుపోతున్నాడని నేను అనను. ఎదురీదుతున్నాడంటాను.

ఇంకో మాట. నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి కూడా పోయి ఉంటే, బతకాలనిపించకపోతే, అది డిప్రెషన్ కావచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు. చావాలని కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అని అడిగింది ఆ తర్వాతే (1 రాజులు 19). ఆత్మహత్య ఆలోచనలు ఉంటే ఈ పేజీ చదవడం ఆపి, ఇప్పుడే నమ్మకమైన మనిషికి చెప్పండి.

ఒకసారి పొందిన రక్షణ పోతుందా, పోదా?

ఈ పేజీలో దీన్ని తేల్చేస్తామని ఎదురుచూడకండి. శతాబ్దాలుగా దేవుణ్ని ప్రేమించినవాళ్లే రెండు వైపులా ఉన్నారు.

పోదనేవాళ్లు యోహాను 10:28–29 చూపిస్తారు: గొఱ్ఱెలను నా చేతిలోనుంచి ఎవడూ అపహరించడు. ఫిలిప్పీయులు 1:6 చూపిస్తారు. పూర్తిగా వెళ్లిపోయినవాళ్లు మొదటినుంచీ మనవాళ్లు కారని 1 యోహాను 2:19ను బట్టి చెబుతారు. 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో జరిగిన సినడ్ (సంఘ నాయకుల సభ) ఈ బోధను స్థిరపరచింది. కాల్విన్ బోధ బాటలో నడిచే రిఫార్మ్‌డ్ సంఘాలు, చాలా బాప్టిస్టు సంఘాలు ఈ వైపు ఉన్నాయి. పోగొట్టుకోవచ్చనేవాళ్లు హెబ్రీ 6:4–6, 10:26–29 అలాగే చదవాలంటారు. పరిశుద్ధాత్మలో పాలివారైనవాళ్లు నిజమైన విశ్వాసులు కాక ఇంకెవరంటారు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఈ వైపు. మెథడిస్టులు, చాలా పెంతెకొస్తు సంఘాలు కూడా.

వాదనల వేడిలో మరుగునపడే సంగతులు రెండున్నాయి. 1610లో డచ్ వేదాంతి అర్మీనియస్ అనుచరులు తమ ఐదు అంశాలు రాసినప్పుడు, విశ్వాసి పూర్తిగా పడిపోగలడా అన్న విషయాన్ని లేఖనాల్లో ఇంకా పరిశీలించాకే నిశ్చయంగా బోధించగలమని రాశారు. అంత నిదానం ఇప్పటి వాదనల్లో కనిపించదు. ఇక డోర్ట్ సినడ్, దేవుడు తనవాళ్లను కాపాడేది వాక్యంలోని హెచ్చరికల ద్వారా, బెదిరింపుల ద్వారా, వాగ్దానాల ద్వారా కూడా అని రాసింది. అంటే, రక్షణ పోదనే వాళ్ల సిద్ధాంతంలోనే హెచ్చరికను లక్ష్యపెట్టాలని ఉంది. "నాకు రక్షణ పోదు కాబట్టి ఈ వచనాలు నాకు అక్కర్లేదు" అనేవాడికి ఏ సిద్ధాంతమూ తోడు రాదు.

నా మట్టుకు నాకు హెబ్రీ పత్రిక ఈ ప్రశ్నకు జవాబుగా రాసినట్టు అనిపించదు. నడిరోడ్డు మీద నిలబడ్డ పిల్లవాణ్ని తల్లి కేక వేసి పిలిచే ధోరణి అందులో ఉంది. ఆ పిల్లవాడు కేక విని పరుగెత్తుకు రావాలి.

హెబ్రీ 6:4–6 చదివాను. పడిపోయినవాళ్లను మళ్లీ మారుమనస్సు పొందించడం అసాధ్యమని ఉంది. నాకు ఇక దారి లేదా?

పక్కకు పిలిచి అడిగే ప్రశ్నల్లో ఇదే ఎక్కువ. సాధారణంగా దీన్ని అడిగేవాళ్లు ఆ వచనం చెబుతున్న మనుషులు కారు.

ఆ వచనాల్లోని మనుషులు దేవుని కుమారుణ్ని మళ్లీ సిలువ వేస్తూ, బాహాటంగా అవమానపరుస్తున్నారు. వాళ్లు తిరిగి రావాలని ఏడవడం లేదు. మీరు తిరిగి రావాలని కోరుకుంటున్నారు, ఆ కోరిక మీలో మీరు పుట్టించుకున్నది కాదు. అదే అధ్యాయంలో 9వ వచనం దాకా చదవండి: "ప్రియులారా" అని పిలిచి, మీ విషయంలో ఇంతకన్నా మంచిదాన్ని, రక్షణకరమైనదాన్ని నమ్ముతున్నామని ఉంది. 6వ వచనం దగ్గర పుస్తకం మూసేయడం వల్ల ఎందరో అనవసరంగా నలిగిపోయారు. ఏశావు కన్నీళ్లతో వెదికినా మారుమనస్సుకు అవకాశం దొరకలేదన్న హెబ్రీ 12:17 'యాత్రికుని ప్రయాణం' రాసిన జాన్ బన్యన్‌ను చాలాకాలం వెంటాడింది. క్రీస్తును తాను అమ్ముకున్నాననీ, ఇక క్షమాపణ లేదనీ ఆయన భయపడ్డాడు. ఆ వేదననంతా 1666లో తన జీవిత కథలో రాసుకున్నాడు. ఆ రచన వచ్చేనాటికి ఆయన సువార్త ప్రకటించినందుకు జైల్లో ఉన్నాడు.

సంఘం ఈ ప్రశ్నను నిజమైన మనుషుల విషయంలో ఒకసారి ఎదుర్కొంది. క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞాపించాడు. చాలామంది క్రైస్తవులు అర్పించారు, కొందరు అర్పించినట్టు పత్రాలు కొనుక్కున్నారు. హింస తగ్గాక ఏడుస్తూ తిరిగి వచ్చారు. వాళ్లను సంఘంలో మళ్లీ చేర్చుకోకూడదని రోములో నొవేషియన్ అనే సంఘ నాయకుడు పట్టుబట్టాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ వాళ్లు పడిపోవడాన్ని తేలిగ్గా తీసుకోలేదు, తప్పును తప్పనే అన్నాడు, కానీ మారుమనస్సు చూపినవాళ్లకు తలుపు తెరవాలన్నాడు. సంఘం సిప్రియన్ వైపే నిలబడింది. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ, నొవేషియన్ వర్గంవాళ్లు తిరిగి రావాలంటే హింసలో పడిపోయి కోలుకున్నవాళ్లతో సహవాసం చేయడానికి ఒప్పుకోవాలని షరతు పెట్టింది.

పేతురు సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడుసార్లు, ఒట్టు పెట్టుకుని మరీ, ప్రభువు ఎవరో తెలియదన్నాడు. కానీ అది జరగకముందే ప్రభువు, నీ నమ్మిక తప్పిపోకుండా నీకోసం వేడుకున్నానని చెప్పాడు, తిరిగాక ఏం చేయాలో కూడా చెప్పాడు (లూకా 22:32).

సంఘంలో గాయపడి మానేశాను. నేను దేవుణ్ని వదల్లేదు, వాళ్లను వదిలాను.

మీకు జరిగింది నిజంగా అన్యాయమే కావచ్చు. డబ్బు విషయంలో మోసం, పరువు తీయడం, అంతకన్నా ఘోరమైనవి కూడా సంఘాల్లో జరుగుతాయి. నేరం జరిగితే ఫిర్యాదు చేయడం పాపం కాదు. "సమాజంగా కూడడం మానొద్దు" (10:25) అనే వచనాన్ని చూపించి, హాని చేసినవాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, వినక్కర్లేదు. ఆ సంఘం వదిలి ఇంకో సంఘానికి వెళ్లడం విశ్వాసం వదలడం కాదు.

అయితే ఒక సంఘం మానేసినవాళ్లు ఏ సంఘానికీ వెళ్లకుండా ఉండిపోవడం చాలా తేలిక. గాయం మానాలంటే కొంత సమయం కావాలి, ఎంత అని బయటివాళ్లు చెప్పలేరు. ఇద్దరు ముగ్గురు విశ్వాసులతోనైనా కలిసి ప్రార్థించడం ఆపకండి. గాయం చేసినవాళ్ల వల్ల మీరు ఇప్పటికే పోగొట్టుకున్నది చాలు.

ఆన్‌లైన్‌లో ఆరాధన చూస్తున్నాను. సరిపోదా?

మంచం పట్టినవాళ్లకు, దగ్గరలో సంఘం లేనివాళ్లకు అది దేవుడిచ్చిన సహాయమే. మిగతావాళ్లకు సరిపోదు. హెబ్రీ 3:13 ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకోమంటోంది. యూట్యూబ్‌లో ప్రసంగీకుడు ఎంత బాగా చెప్పినా, ఈ నెలంతా మీ ముఖం ఎందుకు వాడిపోయి ఉందో ఆయన అడగడు.

తిరిగి రావాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా?

అక్కర్లేదు. పేతురుకు ఎవరూ రెండోసారి బాప్తిస్మం ఇవ్వలేదు.

ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పినవి మూడు: ఎక్కడినుంచి పడ్డావో జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి క్రియలు చెయ్యి (ప్రకటన 2:5). మొదటి ప్రేమను అనుభూతి చెందమని చెప్పలేదు. అది ఆజ్ఞాపిస్తే వచ్చేది కాదు. మొదటి క్రియలు మాత్రం ఇవాళే చేయొచ్చు. కొత్తలో మీరేం చేసేవాళ్లు? పొద్దున్నే లేచి ఒక కీర్తన చదివేవారా? ఎవరినైనా పలకరించి ప్రార్థించేవారా? దాన్నే మళ్లీ పట్టుకోండి. సువార్తల్లో ఒకదాన్ని, మార్కు అయితే చిన్నది, మొదటినుంచి చదవండి, యేసు ఎవరితో ఎలా మాట్లాడుతున్నాడో చూస్తూ. హెబ్రీ 2:1 అడిగేది విన్న సంగతుల మీద శ్రద్ధ. కొత్త దర్శనాలు, ప్రత్యేక ఉపవాసాలు, ఫలానా దైవసేవకుడు తల మీద చేతులుంచడం, ఇవేవీ అక్కడ లేవు.

పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లండి. నమ్మదగిన ఒక్క మనిషికి, పాస్టర్ గారికో పెద్దవయసు విశ్వాసికో, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మొదటి ఆదివారం ఇబ్బందిగానే ఉంటుంది. "ఇన్నాళ్లు ఎక్కడున్నారు?" అని ఎవరో ఒకరు అంటారు. నవ్వి ఊరుకోండి.

మా అబ్బాయి ప్రభువుకు దూరమైపోయాడు. ఏం చేయాలి?

ముందుగా చేయకూడనివి. భోజనం దగ్గర ప్రసంగం చేయొద్దు. వాడి ఎదురుగా బంధువులతో "మా వాడికోసం ప్రార్థించండి" అనొద్దు. ఫోన్‌లో రోజూ వాక్యాలు పంపొద్దు, అవి తెరవకుండానే ఉండిపోతాయి. నరకం పేరు చెప్పి భయపెట్టి తెచ్చుకున్నా, భయం తగ్గగానే మళ్లీ వెళ్లిపోతాడు.

ఎందుకు దూరమయ్యాడో వినండి. మధ్యలో ఆపకుండా, సరిదిద్దకుండా వినండి. బహుశా ఇంట్లో మన వేషధారణే కారణం కావచ్చు, అలాగైతే క్షమాపణ అడగాల్సింది మనమే. సాత్వికమైన మనసుతో దారికి తీసుకురమ్మని గలతీయులు 6:1 చెబుతుంది, మీరు కూడా శోధనలో పడతారేమో చూసుకోమని అక్కడే హెచ్చరిస్తుంది. ప్రార్థన మాత్రం మానొద్దు, వాడికి తెలిసేలా చేయనక్కర్లేదు.

పౌలు, బర్నబాల సువార్త ప్రయాణంలో తోడుగా వెళ్లిన మార్కు అనే యోహాను పెర్గేలో పౌలును వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు (అపొస్తలుల కార్యములు 13:13). తర్వాతి ప్రయాణానికి అతణ్ని తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా ఒప్పుకున్నాడు. ఆ తగాదాలో ఇద్దరూ విడిపోయారు కూడా. బర్నబా ఓడెక్కి అతణ్ని కుప్ర ద్వీపానికి తీసుకెళ్లాడు. అక్కడ అతనితో ఏం మాట్లాడాడో, ఎన్నాళ్లు ఓపిక పట్టాడో రాయలేదు. కానీ 2 తిమోతి 4లో, దేమా వెళ్లిపోయాడని రాసిన వచనానికి పక్క వచనంలోనే పౌలు రాశాడు: మార్కును వెంటబెట్టుకుని రా, పరిచారంలో నాకు ప్రయోజనకరమైనవాడు. మీ అబ్బాయికి బర్నబా మీరే కానక్కర్లేదు. తల్లిదండ్రుల మాట వినని వయసులో మేనమామ మాటో, స్నేహితుడి మాటో వింటారు. అలాంటి మనిషి ఎవరో ఆలోచించి, ఆయనతో ఒకసారి మాట్లాడండి.